పట్టును వడుకుతారా?

సందేహం: ఇంగ్లండులోని డెర్బీలో లోంబ్ సోదరుల మిల్లు గురించి పిల్లలకు వ్యాసం రాస్తూ ‘నీటి బలంతో పట్టు వడికే మిల్లు’ అన్నాను. పట్టుచీరలు నేసే మిత్రుడొకరు ‘పట్టును ఎవరైనా వడుకుతారా?’ అని నవ్వారు. ఇంగ్లీషులో ఆ పనిని ‘త్రోయింగ్’ అన్నారు. నిఘంటువు చూస్తే ‘విసరడం’ అని ఉంది. ఏ మాట వాడాలి?

సమాధానం: మీ మిత్రుడి నవ్వులో న్యాయం ఉంది. వడకడమంటే పొట్టి పీచును సాగదీస్తూ, పురి పెడుతూ దారం చేయడం. రాట్నం తిప్పుతూ ఏకును మెల్లగా వెనక్కు లాగుతుంటే కదురు కొసన నూలు పుట్టడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పట్టుపోగు అలా కాదు, పురుగు నోటి నుంచే వందల మీటర్ల పొడవున వస్తుంది. పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి, జిగురు మెత్తబడ్డాక, కొన్ని గూళ్ల పోగులను కలిపి చుట్టుకోవడమే పని. దాన్ని ‘పట్టు తీయడం’ అంటాం.

డెర్బీలో అదీ జరగలేదు. 1721 నాటికి పూర్తయిన ఆ మిల్లుకు ముడిపట్టు విదేశాల నుంచి చిలపలుగా, అంటే దారపు చుట్టలుగా, వచ్చేది. దాన్ని కండెలకు చుట్టి, డెర్వెంట్ నది తిప్పే చక్రం బలంతో నిలువు కదుళ్లు గిర్రున తిరుగుతుంటే, పైనున్న చట్రం దారాన్ని నెమ్మదిగా లాక్కునేది. ఆ రెండు వేగాల తేడా వల్లనే దారానికి పురి ఎక్కుతుంది. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, గట్టి దారం కావాలి కనుక, ఒంటి దారానికి ఒకవైపు పురి పెట్టి, అలాంటివి రెండో మూడో కలిపి ఎదురుపురి తిప్పేవారు. మొదటి పనికి ‘పురిపెట్టడం’, రెండోదానికి ‘పేనడం’ సరైన మాటలు. తాడు పేనేవారి నోట ఉన్నవే ఇవి. కిరాణా కొట్టు పురికొసలోనూ ఆ పురే ఉంది.

‘త్రో’ అనే క్రియకు ప్రాచీన ఆంగ్లంలో మెలితిప్పడమనే అర్థం. విసరడం తరవాత వచ్చింది. నిఘంటువులో మొదట కనబడ్డ అర్థాన్ని పట్టుకుంటే ఇలాంటి చిక్కులే వస్తాయి. ఇటలీ భాషలో ఈ పని పేరు ‘తోర్చితూరా’, అదీ మెలితిప్పడమే. జాన్ లోంబ్ యంత్రాల గుట్టు తెచ్చింది ఇటలీలోని పీడ్‌మాంట్ నుంచి. ఇటలీలోనే బొలోన్యా నగరంలో నీటితో నడిచే పట్టుమిల్లులు అంతకు శతాబ్దాల ముందే ఉన్నాయి. కాబట్టి మీ వ్యాసంలో ‘ప్రపంచంలో మొదటిది’ అని ఉంటే అదీ కొట్టివేయండి. ‘పట్టుదారానికి పురిపెట్టే మిల్లు’ అనండి.

ఒక్క మినహాయింపు ఉంది. పట్టుపురుగు రెక్కల పురుగుగా మారి బయటికి వచ్చేటప్పుడు చిల్లుపడిన గూళ్ల నుంచి పోగు తెగకుండా రాదు. ఆ పీచును దూది ఏకినట్టు ఏకి దారం చేస్తారు. అక్కడ మాత్రం పట్టును వడుకుతారనే అనాలి.