ప్యాంట్రీ కార్ తీసేశారని ఫిర్యాదు రాసేటప్పుడు

సికింద్రాబాద్‌లో ఎక్కిన బండికి ప్యాంట్రీ కార్ (భోజనం వండి అందించే పెట్టె) తీసేశారని, షుగర్ ఉన్న మీ అమ్మగారు రాత్రి బిస్కెట్లతో సరిపెట్టుకున్నారని, రైల్వేకు పంపడానికి మీరు రాసుకున్న ఫిర్యాదులో చదివి బాధేసిందండీ. మీ కోపం న్యాయమైనదే, కానీ మూడు పేజీల ఉత్తరం ఎవరూ ఓపిగ్గా చదవరు. మొదట్లోనే పీఎన్ఆర్, రైలు నంబరు, తేదీ, కోచ్ రాయండి. తర్వాత జరిగింది టైముతో సహా: "రాత్రి 8 గంటలకు అడిగితే భోజనం లేదన్నారు. 11 దాకా నీళ్ల బాటిల్ కూడా రాలేదు." "సర్వీసు అధ్వానం" అనడం కన్నా ఈ రెండు ముక్కలకే బలం ఎక్కువ. ప్యాంట్రీ మళ్లీ పెట్టాలని స్పష్టంగా అడగండి. టికెట్‌తోపాటు భోజనానికీ కట్టి ఉంటే ఆ డబ్బు వాపసు కోరండి. ముందు రైల్వే ఫిర్యాదుల వెబ్‌సైట్, యాప్ అయిన రైల్ మదద్‌లో పెట్టి, వచ్చిన ఫిర్యాదు నంబరును ఉత్తరంలో వేసి, ఆ బండి నడిపే రైల్వే జోన్ కమర్షియల్ విభాగానికి పంపండి. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే బండిలోంచే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి.