చెవి మిషన్ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మా ఆయనకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి పెళుసు ఎముకల జబ్బు. జిరాక్స్ షాపు మీద నెలకు 20 వేల దాకా మిగులుతుంది. ఏడాదిగా సరిగా వినపడటం లేదు. రెండు చెవులకూ మిషన్లు 90 వేలట, ఈఎంఐ కూడా ఉందట. ఎముక విరిగితే పనికొస్తుందని దాచిన 1.2 లక్షల ఎఫ్‌డీ తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తీయకండమ్మా. ఆయన ఎముక విరిగిన నెలలో షాపు షట్టరూ దిగుతుంది. ఖర్చు పెరిగే నెలే రాబడి ఆగే నెల. ఆ డబ్బు దానికే ఉండనివ్వండి.

ఈ జబ్బున్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి వినికిడి తగ్గుతుంది. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్యే మొదలవుతుంది. చెవిలోని బుల్లి ఎముకలు బిగుసుకుపోయినా, విరిగినా శబ్దం లోపలికి చేరదు. కొందరికి లోపలి చెవే దెబ్బతింటుంది, కొందరికి రెండూను. ఏదన్నది తేలకుండా మిషన్ కొనడం తొందరపాటు. ఎందుకంటే మొదటి రకానికి ఒక్కోసారి ఆపరేషన్ చేస్తారు. ఆరోగ్య పాలసీలు సాధారణంగా ఆపరేషన్‌కు డబ్బిస్తాయి కానీ మిషన్‌కు ఇవ్వవు. అమ్మేవాళ్లు ఉచితంగా చేసిన పరీక్షతో ఆగకండి. జిల్లా ఆసుపత్రిలోనో, బరంపురం మెడికల్ కాలేజీలోనో ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. ఎముకల జబ్బు సంగతి ముందే చెప్పండి. ఇలాంటి చెవికి ఆపరేషన్ అందరూ చేసేది కాదు.

తర్వాత యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు. చెవి ఒక్కటే చూస్తే, రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే చట్టం లెక్కలోకి వస్తుంది. ఆయనకు ఎముకల వైకల్యం కూడా ఉంది కదా, రెండూ కలిపి లెక్కించమని అడగండి. పాతపట్నం పక్కనే ఉందని అటు వెళ్లకండి, అది ఆంధ్రప్రదేశ్, మీది ఒడిశాలోని గజపతి జిల్లా. వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉండి, నెల ఆదాయం 22,500 లోపుంటే కేంద్రం ఇచ్చే ఏడిప్ పథకంలో వినికిడి మిషన్ ఉచితంగా అడగొచ్చు. ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా ఊరిస్తే పట్టించుకోవద్దు. మీకు పన్నే పడనప్పుడు మినహాయింపు దేనికి?

ఏదీ కుదరక కొనాల్సే వస్తే, ఇది ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. మిషన్ అయిదేళ్లు పనిచేస్తుందనుకుంటే 90 వేలు నెలకు 1,500. చిన్న బ్యాటరీ రకమైతే వారం, పది రోజులకోసారి మార్చాలి. మీ వైపు ఉక్కకు చెమ్మ పడుతుంది, రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. అందుకే ఈ నెల నుంచే 1,500 ఆర్‌డీ మొదలుపెట్టండి. ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టే ముందు వారం ట్రయల్ అడగండి. నిశ్శబ్దంగా ఉండే వాళ్ల ఏసీ గదిలో కాదు, మీ జిరాక్స్ మిషన్ తిరుగుతుండగా, "అన్నా, రెండు వైపులా రెండు కాపీలు" అని గిరాకీ అడిగినప్పుడు వినపడుతుందో లేదో చూసుకోమనండి.