బండి డాక్టర్: మూడు గేర్ల బాక్స్ తీసి నాలుగు గేర్లది వేయొచ్చా?

ప్రశ్న: మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడండి, 1990 డాడ్జ్ రామ్ డీజిల్ పికప్ కొన్నాడు, 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. హైవే ఎక్కితే ఇంజన్ ఒకటే మోతంట, అందుకని ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూనే బండి వేగంగా పోయే పై గేరు) ఉన్న నాలుగు గేర్ల బాక్స్ వేయిస్తానంటున్నాడు. నాకేమో మిర్చి యార్డుకి తిప్పే బొలెరో పికప్ ఉంది, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోతోంది, దీనికీ ఆటోమేటిక్ వేయించొచ్చా?
(ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ముందు మీ బావమరిది సంగతి చూద్దాం. బాక్స్ బేరం ఆడే ముందు వెనక యాక్సిల్‌లో క్రౌన్ పినియన్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో, అది ఎంతో చూడమనండి, అందరూ మర్చిపోయేది ఇదే. ఆ కాలం డాడ్జ్‌ల్లో 3.07 ఉంటది, లేదా 3.54. బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలు రెండూ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పితే బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడు చుట్లు దాటీ దాటకుండా తిరిగితే 3.07, మూడున్నర తిరిగితే 3.54.

పాత బాక్స్‌లో మూడో గేరు అంటే డైరెక్ట్, ఇంజన్ ఒక చుట్టు తిరిగితే షాఫ్టూ ఒక చుట్టే; కొత్తదాంట్లో ఓవర్‌డ్రైవ్ రేషియో 0.69, అంటే షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ 0.69 చుట్టు తిరిగితే చాలు. సుమారు 32 అంగుళాల టైరు అనుకుంటే, 3.54 ఉన్న బండి గంటకి 100 కిలోమీటర్ల మీద 2300 ఆర్‌పీఎం దగ్గర తిరుగుద్ది, ఓవర్‌డ్రైవ్ వేస్తే 1600కి దిగుద్ది, అప్పుడు పెట్టిన డబ్బుకి న్యాయం. అదే 3.07 అయితే ఇప్పుడే 2000, ఓవర్‌డ్రైవ్‌తో 1400కి పడిపోద్ది, ఆ ఇంజన్ గట్టిగా లాగేది 1700 చుట్టుపక్కల కాబట్టి వెనక ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కితే మూలుగుద్ది, బాక్స్ వేడెక్కుద్ది. ఖాళీ బండితో 120లో పోయేవాడికి అదీ పర్లేదు గానీ, బరువు లాగేవాడైతే బాక్స్‌తో పాటు యాక్సిల్ గేర్లూ మార్చుకోవాల్సిందే.

ఇక ఏ బాక్స్ అంటే, నా ఓటు 1994, 95 డీజిల్ పికప్‌ల్లో వచ్చిన 47ఆర్‌హెచ్‌కి. అది ఆయిల్ ప్రెషర్‌తోనే గేర్లు మార్చుకుంటది, ఓవర్‌డ్రైవ్‌కీ లాకప్‌కీ (ఇంజన్‌నీ బాక్స్‌నీ జారకుండా కలిపి పట్టేది) మాత్రం కరెంటు కావాలి, వాటికి రెండు స్విచ్‌లు చాలు. 1996 నుంచి వచ్చిన 47ఆర్‌ఈకి కంప్యూటర్ లేకపోతే గేర్లు సరిగ్గా పడవు, పాత బండిలో ఆ కంప్యూటర్ ఎక్కడ తెస్తాడు. పెట్రోల్ వీ8 బండి బాక్స్ చవగ్గా వస్తోందని మాత్రం కొనొద్దనండి, దాని బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి బిగించే ముందు భాగం) కమిన్స్‌కి కూర్చోదు. కొత్త బాక్స్ పొడుగు వేరు, షాఫ్ట్ కోయించి బ్యాలెన్స్ చేయించాలి, బాక్స్‌ని కింద మోసే క్రాస్ మెంబర్ జరపాలి.

బిగించేటప్పుడు టార్క్ కన్వర్టర్ని (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్‌తో ఇంజన్ బలాన్ని బాక్స్‌కి అందించేది) తిప్పుతూ పూర్తిగా లోపలికి కూర్చోబెట్టాలండి, సగంలో ఉండగా బెల్ హౌసింగ్ బోల్టులతో లాగి బిగిస్తే లోపల పంపు పగులుద్ది. ఇంకోటి, డీజిల్‌కి పెట్రోల్ ఇంజన్‌లాగా మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు కదా, డ్రైవర్ యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో ఈ బాక్స్‌కి తెలిసేది యాక్సిలరేటర్‌కీ బాక్స్‌కీ కలిపే థ్రాటిల్ లింకేజీ ద్వారానే. దాన్ని తగిలించకుండా వదిలేసినా, వదులుగా పెట్టినా ప్రెషర్ చాలక బాక్స్ లోపలి క్లచ్‌లు జారి జారి మాడిపోతాయి, నింద మాత్రం బాక్స్ మీద పడుద్ది. ఆయిల్ లెవెల్ చూసేది ఇంజన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో. పార్క్‌లో పెడితే వీటిల్లో కన్వర్టర్‌కి ఆయిల్ వెళ్లదు.

ఇక మీ బొలెరో. వద్దండి. ఆటోనగర్‌లో లేత్ మీద అడాప్టర్ ప్లేటు చేసిచ్చేవాళ్లు దొరుకుతారు, నేను కాదనను, కానీ ఆ బాక్స్‌ని నడిపే కంట్రోల్ యూనిట్ మీ ఇంజన్ ఈసీయూతో (ఇంజన్ని నడిపే కంప్యూటర్) మాట్లాడాలి కదా, అక్కడే ఆగిపోద్ది పని. పైగా మీది గూడ్స్ బండి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షకి పోవాలి, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ పెడల్ బరువెక్కుద్ది, ముందు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి, సగం నొప్పి అక్కడే పోద్ది. మిగతా సగం కోసం డాక్టర్ని కలవండి.

ప్రశ్న: 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిన ఎస్‌యూవీ ఆటోమేటిక్ బాక్స్ తక్కువకి ఇస్తామంటున్నారు, అదే మోడల్ బండి నాకుంది, తీసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: బ్రీదర్‌లోంచి (బాక్స్‌కి గాలి ఆడే చిన్న రంధ్రం) నీళ్లు వెళ్లి ఉంటే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటది, అలా కనపడితే ఫ్రీగా ఇచ్చినా వద్దు. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీద లైనింగ్ అంటించిన జిగురు ఊడిపోద్ది, ఆయిల్ మార్చినా కన్వర్టర్‌లో ఉన్నది కిందకి దిగదు. ఆయిల్ ఎర్రగా కొత్తగా కనపడినా సంబరపడకండి, అమ్మేవాడు మార్చి ఉండొచ్చు. బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పించి లోపల తుప్పు ఉందేమో చూశాకే డబ్బులు తీయండి, విప్పనివ్వకపోతే ఆ బేరం వదిలేయండి.