పదిమంది సంతకాలూ ముందు చూసుకో

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ పెట్టుకున్న పార్టీ తరఫున చెన్నైలోని వేళచ్చేరిలో అసెంబ్లీకి నిలబడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దనను. అన్నా వినవు, అన్నీ మీ తాత పోలికలే.

పార్టీ రిజిస్టర్ అయిందన్నావు, సంతోషం. అయితే రిజిస్టరైన పార్టీ వేరు, తగినన్ని ఓట్లో సీట్లో తెచ్చుకుని ఎన్నికల సంఘం గుర్తింపు పొందిన పార్టీ వేరు. గుర్తింపు పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. నీకు మాత్రం, ఇండిపెండెంట్లకు లాగే, పదిమంది కావాలి. నీ ఓటు తమిళనాడులో ఎక్కడున్నా ఫర్వాలేదు కానీ, ఆ పదిమందీ వేళచ్చేరి నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడి నామినేషన్ పని నెత్తినేసుకున్నాను. పదో సంతకం మా ఇస్త్రీ అతనితో పెట్టించాను. రోజూ మా వీధి చివరే బండి పెట్టేవాడు కదా, ఓటూ ఇక్కడే అనుకున్నాను. తీరా చూస్తే అతని ఓటు పక్క నియోజకవర్గంలో! పరిశీలన రోజున కాగితం కొట్టేశారు. స్నేహితుడి ముఖం చూడలేక నెలరోజులు పార్కుకి వెళ్లడం మానేశాను. అందుకే ఎవరి మాటా నమ్మకు. ఓటర్ల జాబితాలో పేరు, భాగం నంబరు, వరుస నంబరు కళ్లారా చూశాకే సంతకం పెట్టించు. వేలిముద్ర వేసేవాళ్లుంటే అధికారి ముందే వేయాలి. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ పత్రాలు వేయొచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే. వేరే పదిమందితో రెండో సెట్టు తప్పకుండా వేయి.

ఇక గుర్తు. మీ వాళ్లందరికీ ఒకటే గుర్తు కావాలంటే రాష్ట్రంలో కనీసం 5 శాతం స్థానాల్లో పోటీ చేయాలి. 234లో అంటే 12 మంది. ముందుగానే ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టాలి కూడా. అంతమంది లేకపోతే ఎవరి గుర్తు వాళ్లదే. కాకపోతే ఒకే గుర్తు నువ్వూ ఒక ఇండిపెండెంటూ అడిగితే నీకే ఇస్తారు, అదొక్కటే ఊరట.

నువ్వు పార్టీ అభ్యర్థివని పార్టీ ఇచ్చే ఎ, బి ఫారాలు నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందాలి. వాటి మీద సంతకం సిరాతో ఉండాలి, రబ్బరు స్టాంపు చెల్లదు. ఎన్నికల ఖర్చుకి వేరే బ్యాంకు ఖాతా నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే తెరువు. డిపాజిట్ 10,000 రూపాయలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే గల్లంతే, ఆ డబ్బు తిరిగొస్తుందని మీ ఆవిడకి మాటివ్వకు.

జాబితా తీసుకుని ఆదివారం పొద్దున్నే టీ నగర్ వచ్చేయి. నువ్వు తమిళం ఎలా తడుముకుంటూ చదువుతావో నాకు తెలుసు, పేర్లు నేను చూసిపెడతాను. అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది.

నీ మామయ్య