సింగపూర్ సిమ్ వేసినా నెల్లూరు నంబరుకు డేటా బిల్లు పడుతోందా?

సింగపూర్‌లో స్థానిక సిమ్ కొని రెండో స్లాటులో వేసుకున్నా నెల్లూరు పోస్ట్‌పెయిడ్ నంబరుకు డేటా బిల్లు వచ్చిందంటే, ఫోను తనంతట తానే డేటాను పాత సిమ్‌కు మళ్ళించి ఉండవచ్చు. కొన్ని ఫోన్లలో డేటా సిమ్‌కు సిగ్నల్ తగ్గినప్పుడు, మరికొన్నింటిలో నెల్లూరు సిమ్‌పై కాల్ మాట్లాడుతున్నప్పుడు ఇలా జరుగుతుంది.

1. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు సింగపూర్ సిమ్‌ను ఎంచుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. అదే పేజీలో ఉండే డేటా స్విచింగ్‌ను (ఫోను తనంతట తానే డేటా సిమ్‌ను మార్చే ఏర్పాటు) ఆపి, ఆ తర్వాత నెల్లూరు సిమ్ పేరు మీద నొక్కి, దాని డేటా రోమింగ్‌ను కూడా ఆపండి. చాలా ఫోన్లలో రోమింగ్ మీట ఒక్కో సిమ్‌కు ఒక్కోటి ఉంటుంది కనుక, మనం ఆపామనుకున్నది సింగపూర్ సిమ్‌ది కావచ్చు.

3. నెల్లూరు సిమ్‌ను తీసేయకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా రుసుము ఉండదు. అయితే ఈసారి చెన్నై విమానాశ్రయానికి బయలుదేరక ముందే, ఇంట్లోనే అంతర్జాతీయ రోమింగ్ సేవను ప్రారంభించుకోండి.

4. రోమింగ్ ప్యాక్ లేకుండా నెల్లూరు నంబరుకు వచ్చే కాల్ ఎత్తకండి, మాట్లాడిన నిమిషాలకు మీకే ఛార్జీ పడుతుంది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ నుంచి ధర చెప్పడానికి వచ్చిన కాల్ ఎత్తి, మా బావగారు బస్తా కాయల డబ్బు పోగొట్టుకున్నారు.

5. నంబరు మార్చమంటారా అని వాట్సాప్ అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే సింగపూర్ డేటా మీద అది నడుస్తుంది.