లిథియం వాడే అమ్మకు వణుకు, తూలుడు: వయసు వల్లనేనా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బైపోలార్ డిజార్డర్‌కు (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే మానసిక జబ్బు) పదిహేనేళ్లుగా లిథియం వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చిన మాత్రలు ఇరవై రోజులుగా వేసుకుంటున్నారు. వారం నుంచి చేతులు బాగా వణుకుతున్నాయి, నడిస్తే తూలుతున్నారు, మాట ముద్దగా వస్తోంది, విరేచనాలు కూడా అవుతున్నాయి. ఇంట్లో అందరూ వయసు వల్లనే అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వయసు వారం రోజుల్లో మీద పడదు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఆమె రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చని అనుమానిస్తున్నాను కాబట్టి, తరువాతి మాత్ర వేయకుండా ఈ రోజే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, సీరం లిథియం (రక్తంలో లిథియం స్థాయి), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించండి. నొప్పి మాత్రలతో సహా ఆమె వాడుతున్న మందులన్నీ వెంట ఉండాలి. మూతి వంకర పోయినా, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

లిథియం దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్ని కూడా వెనక్కి పీల్చుకుంటాయి. మన అనంతపురం ఎండలకు చెమట, దానికి తోడు విరేచనాలు, వయసుతో మందగించిన దాహం, వీటన్నిటి మీద ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు చేరితే, ఏళ్ల తరబడి సరిపోయిన మోతాదే విషమవుతుంది. కొన్ని బీపీ మాత్రలూ, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే థయజైడ్ రకం, ఇదే పని చేస్తాయి. పెద్ద వయసులో లిథియం స్థాయిని సాధారణంగా లీటరుకు 0.4 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. అయితే రిపోర్టులో అంకె హద్దులోనే ఉన్నా వృద్ధులలో విషలక్షణాలు కనిపించవచ్చు కనుక, అంకె చూసి మనిషిని వదిలేయరాదు.

ఇంటికి వచ్చాక సంరక్షణ మీ చేతుల్లో ఉంటుంది. మందు ఆపిన రోజుల్లో జబ్బు తిరగబెట్టే ముందు తరచుగా నిద్రే తగ్గుతుంది. అందువల్ల నిద్ర గంటలు, వణుకు, నడక, తాగిన నీరు రోజూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. మానసిక వైద్యుడికి మీ మాటల కంటే ఆ పుస్తకమే ఎక్కువ చెబుతుంది. బీపీ పేరుతో సంకటిలోనూ మజ్జిగలోనూ ఒక్కసారిగా ఉప్పు ఆపించే ఇళ్లు నేను చాలా చూశాను. లిథియం వాడేవారికి అది ప్రమాదం. రాత్రి బాత్రూం దారిలో దీపం వెలగనివ్వండి. లిథియం మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత మోతాదులో అన్నది వైద్యుడే నిర్ణయించాలి. మొదలుపెడితే మోతాదు మార్చినప్పుడల్లా రక్తపరీక్ష, ఆ తరువాత మూడు నెలలకోసారి లిథియం స్థాయి, ఆరు నెలలకోసారి మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు తప్పవు. లిథియం స్థాయి చూసే రక్తం రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు తీయించాలి. ఈ రోజు మాత్రం ఆ లెక్క చూడకుండా బయలుదేరండి.