పేరు పెట్టే ముందు తెలుగులో రాసి చూడండి

పిల్లల పేర్లు, వాటి అర్థాలు, అవి ఎక్కడ పుట్టాయన్న విషయాల మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే సందేహం నలుగురైదుగురు రాసినచోట ఒక్క ఉత్తరాన్నే వేశాం.

ప్రశ్న: మనవడికి ఆరవ్ అని పెడతామంటున్నారు. ఫోన్‌లో చూస్తే ‘ప్రశాంతంగా ఉండేవాడు’ అని ఉంది. మా ఊరి అయ్యగారేమో ‘అరుపు’ అని అర్థం చెప్పారు. ఎవరిది నమ్మాలి? (నాగర్‌కర్నూల్)

జవాబు: అయ్యగారినే నమ్మండి. సంస్కృతంలో రవం అంటే చప్పుడు. ముందు ‘ఆ’ చేరితే ఆరవం, అంటే ధ్వని, మోత, కేక. పొట్టి ‘అ’ చేరితే అరవం, అంటే చప్పుడు లేనిది. ఫోన్‌లో కనిపించే ‘ప్రశాంతం’ ఈ రెండో మాటది. దాన్ని తీసుకొచ్చి మొదటి మాటకు అతికించారు. ఇంగ్లిషు అక్షరాల్లో రెండూ కలిసిపోతాయి కాబట్టి ఎవరికీ పట్టలేదు. పోనీ అర్థం కోసం అరవ్ అని పొట్టిగానే పిలుద్దామంటే, మన వైపు అరవం అంటే తమిళం. బళ్లో పిల్లలు ఊరుకోరు. ఇప్పటికే పెట్టేసి ఉంటే మార్చాల్సినంత దోషమేమీ లేదు. గుడిగంటదీ ఆరవమే, పిట్టదీ ఆరవమే.

ఇదే తిప్పలు ‘అనయ’తో ఇంకా ఎక్కువ. నయం అంటే నీతి, మంచి నడత. అది లేనిది అనయం: దుర్నీతి, ఆపద. పాత తెలుగు పద్యాల్లో ‘అనయము’ అంటే ఎల్లప్పుడూ అన్న మాట కూడా ఉంది గానీ, ఆడపిల్ల పేరుకు అదీ అంతగా పనికిరాదు. జాబితాల్లో దీనికి ఇచ్చే ‘ఆదరణ, దయ’ అరబ్బీ మాట ఇనాయాది. ఉర్దూలో మనం వినే ఇనాయత్ అదే. ఆ అర్థం కావాలంటే ఇనాయా అనే పెట్టుకోండి. సంస్కృతమే కావాలంటే అనన్య ఉంది: సాటి మరొకరు లేనిది.

పేరు సరిచూసుకునే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు తెలుగు లిపిలో రాయండి, దీర్ఘాలు, ఒత్తులు తేలిపోతాయి. తర్వాత అది ఏ భాషదో తేల్చుకోండి. ఆ తర్వాతే నిఘంటువు తీయాలి. సంస్కృతం, తెలుగు పేర్లకు శబ్దరత్నాకరమో బ్రౌన్ నిఘంటువో చాలు. నిఘంటువులో లేకుండా పేర్ల జాబితాల్లో మాత్రమే కనిపించే పేరు ఈమధ్య ఎవరో అల్లింది అనుకోవచ్చు. ‘ఆద్విక్’ అలాంటిదే. ‘సాటిలేనివాడు’ అని అర్థం రాస్తారు గానీ ఆ అర్థమున్న మాట అద్వితీయ. ‘రేయాన్ష్’లో అంశ సంస్కృతమే, దాని ముందున్న ‘రే’తోనే చిక్కు. కిరణం అన్న అర్థంలో అది ఇంగ్లిషు మాట. సంస్కృతంలో ‘రే’ అంటే ఒరే అని పిలుపు, పద్య నాటకాల్లో ‘రే రే’ అంటూ తొడ చరుస్తారే, అది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా కోడలు పాపకు కియారా అని పెట్టింది. అర్థం అడిగితే ఒకరు వెలుగు అంటారు, ఇంకొకరు నలుపు అంటారు. (నల్లగొండ)

జవాబు: ఇద్దరూ తప్పు చెప్పలేదు, రెండు వేర్వేరు పేర్ల గురించి చెప్పారు. ఇటలీవాళ్ల ‘క్యారా’ లాటిన్ క్లారా నుంచి వచ్చింది: తేటగా, వెలుగుతూ ఉండేది. ఐర్లండ్‌వాళ్ల ‘కీరా’ నలుపు అని అర్థమున్న మాట నుంచి వచ్చింది. నల్లని జుట్టు పిల్లకు పెట్టే పేరది. అక్కడ వీటి ఇంగ్లిషు స్పెల్లింగులు కూడా వేరు. మీ పాపది ఏ స్పెల్లింగో చూస్తే కొంతవరకు తెలుస్తుంది, మిగతాది కోడలినే అడగండి. కీరా అని మాత్రం పిలవకండి. మన దగ్గర అది దోసకాయల బండి మీద ఉండేది.

ప్రశ్న: మా తాత పేరు సైదులు, మేనత్త సైదమ్మ. మేం హిందువులం. హైదరాబాద్‌లో ఆఫీసులో ఈ పేరేంటని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. (మిర్యాలగూడ)

జవాబు: సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదులుకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టడం పాత నల్లగొండ జిల్లాలో కులం, మతం చూడని ఆచారం. సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి అందరూ ఆ మొక్కు పిల్లలే. లేకుంటే, వాళ్ల పేరు పెట్టుకున్న మనవలు.

మాట అరబ్బీ సయ్యిద్: ప్రభువు, పెద్ద. మహమ్మద్ ప్రవక్త వంశీకులకు గౌరవంగా వాడతారు. చివరి ‘లు’ అచ్చంగా మనది. రాముడు రాములు అయినట్టు, ఆంజనేయుడు ఆంజనేయులు అయినట్టు సైదుకు గౌరవం కలిపి సైదులు చేశారు. ఇదే సయ్యిద్ స్పెయిన్‌కు వెళ్లి అక్కడివాళ్ల నోట ‘సిద్’ అయింది. 1099లో చనిపోయిన రోడ్రిగో దియాస్ అనే యోధుణ్ని ఎల్ సిద్ అంటారు. అంటే మీ తాతగారిదీ, ఆయనదీ ఒకే మాట. ఇంటర్నెట్‌లో వెతికితే ‘సంతోషి, భాగ్యవంతుడు’ అని వస్తుంది. అది సయీద్, ధాతువే వేరు. కలపకండి.

ఇలా మొక్కు నుంచి పుట్టిన పేరును నిఘంటువులో వెతికితే సగమే దొరుకుతుంది, మిగతా సగం ఊళ్లో ఉంటుంది. యాదగిరి, యాదయ్య, యాదమ్మ గుట్ట నరసింహస్వామి పిల్లలు. స్థలపురాణం చెప్పే యాదర్షి పేరు అందులో ఉంది. ‘యాదికొచ్చింది’ అంటామే, ఆ యాది పారసీ మాట, దీనికీ దానికీ చుట్టరికం లేదు. రామలింగయ్య అనగానే చెరువుగట్టు, లింగయ్య అనగానే పెద్దగట్టు లింగమంతులు, జోగులమ్మ అనగానే అలంపురం. పాలమూరులో కురుమూర్తి పేరు వింటే చిన్నచింతకుంట గుట్ట గుర్తుకొస్తుంది. శ్రీశైలం ఊరి పేరే మగపిల్లాడి పేరవడం, ఇంట్లో సైలు అయిపోవడం మనకు మామూలు. కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గా మొక్కుతో జంగీర్లు ఉన్నారు. జహాన్ అంటే లోకం, గీర్ అంటే పట్టుకున్నవాడు, రెండూ పారసీ మాటలు. అయితే జంగయ్యలందరినీ ఆ దర్గాకు రాసేయకూడదు, జంగమయ్య నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ఏ ఇంటి జంగయ్య ఎటువాడో ఆ ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిందే.

ప్రశ్న: పదో తరగతి మెమోలో జేమ్స్, చర్చి కాగితంలో యాకోబు. రెండూ ఒకటే అంటే ఆఫీసులో ఒప్పుకోవడం లేదు. నిజంగా ఒకటేనా? (కోదాడ)

జవాబు: పుట్టుక ఒకటే. హీబ్రూలో యాకోబ్ పేరుకు మడమ అన్న మాటతో సంబంధం. కవలల్లో రెండోవాడిగా పుడుతూ అన్న ఏశావు మడమ పట్టుకున్నాడని ఆదికాండం చెబుతుంది. లాటిన్‌లో ఈ పేరుకు రెండు ఉచ్చారణలు పడ్డాయి, ఒకటి ఇంగ్లిషులో జేకబ్ అయింది, ఇంకొకటి జేమ్స్. తెలుగు బైబిల్ ఈ తేడా పాటించదు. పాత నిబంధన జేకబూ, కొత్త నిబంధన జేమ్సూ ఇద్దరూ అందులో యాకోబే. చిక్కు అక్కడే మొదలైంది: బడిలో ఇంగ్లిషు పేరు ఎక్కింది, చర్చిలో తెలుగు పేరు. అరబ్బీలో ఇదే యాకూబ్. వరంగల్ వైపు అన్నారం దర్గా మొక్కుతో యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్‌రెడ్డులు ఉన్నారు కదా, వాళ్లూ మీ పేరువాళ్లే.

కానీ పుట్టుక ఒకటని గుమాస్తా ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. పదో తరగతి మెమోలో ఉన్న పేరును అసలుగా పెట్టుకొని మిగతావాటిని దానికి సరిచేయించుకోండి. మెమో మార్పించడం అన్నిటికంటే కష్టం. యోహాను, జాన్ అని రెండు రకాలుగా రాసి ఉన్నవాళ్లకూ ఇదే సలహా.

ప్రశ్న: పెంటయ్య, పెంటమ్మ అని ఎందుకు పెట్టారు? ఇప్పటి పిల్లలు సిగ్గుపడుతున్నారు. (అచ్చంపేట)

జవాబు: ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, వేరొకరు ఎత్తుకొస్తే తల్లి మళ్లీ తీసుకునేది. ‘ఇది పనికిరానిది, పారేసింది’ అని చావును నమ్మించడం అందులోని ఉపాయం. ఉత్తరాంధ్రలో తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటయ్య, తవిటమ్మ అన్నారు. చైనా పల్లెల్లో గోషెంగ్ అనే ముద్దుపేరు ఉంది: కుక్క తినగా మిగిలింది. తూర్పు ఐరోపా యూదులు పసివాడికి ఆల్టర్, అంటే ముసలోడు, అని పెట్టేవారు. మృత్యుదూత పసిబిడ్డ కోసం వస్తే అక్కడ ముసలోడే దొరకాలి మరి. నైజీరియాలోని యొరుబావాళ్లు నేరుగా బతిమాలేస్తారు: మాలోమో అంటే మళ్లీ వెళ్లిపోకు, దురోజైయే అంటే ఉండి బతుకు చూడు. ఎక్కడైనా భయం ఒకటే, కొందరు చావును ఏమార్చారు, కొందరు బిడ్డను వేడుకున్నారు. సిగ్గు సంగతికొస్తే, పెంటయ్య అన్న పేరులో తల్లిదండ్రుల ఆశ ఎంతుందో పైన చెప్పిన ఆరవ్‌లో అంత లేదు.

ప్రశ్న: మా తండాలో సోమ్లా, సోమ్లి, మంగ్యా, మంగ్లి అని వారాల పేర్లు పెడతారు. ఇంకెక్కడైనా ఈ పద్ధతి ఉందా? (దేవరకొండ)

జవాబు: ఆఫ్రికాలోని ఘనాలో అకాన్ జనం దీన్ని నియమంగా పాటిస్తారు. మగపిల్లాడు సోమవారం పుడితే క్వాజో, మంగళవారం క్వాబెనా, బుధవారం క్వాకు, గురువారం యావ్, శుక్రవారం కోఫీ, శనివారం క్వామే, ఆదివారం క్వాసీ. ఆడపిల్లలకు వేరే వరుస ఉంది, శుక్రవారం పుడితే అఫియా, శనివారమైతే అమ. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పుట్టింది 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం. మన మంగమ్మను మాత్రం ఈ లెక్కలో వేయకండి. ఆమె అలమేలుమంగ. తమిళంలో అలర్ మేల్ మంగై అంటే పువ్వు మీది కన్య, మంగళవారంతో పని లేదు.

ప్రశ్న: తండ్రి హిందువు, తల్లి ముస్లిం. ఇరువైపుల పెద్దలూ ఒప్పుకునే పేరు చెప్పండి. (మహబూబ్‌నగర్)

జవాబు: సమీర్ పెట్టండి. సంస్కృతంలో సమీరం అంటే గాలి, అరబ్బీలో సమీర్ అంటే రాత్రిపూట కూర్చుని కబుర్లాడే నేస్తం. ఉచ్చారణ ఒక్కటే, ఎవరూ రాజీ పడక్కర్లేదు. కమల్ అలా కుదరదు, తామరపువ్వుకు దీర్ఘం లేదు, పరిపూర్ణత అని అర్థమున్న అరబ్బీ కమాల్‌కు ఉంది. రేహాన్ కూడా బాగుంటుంది. అరబ్బీలో రైహాన్ అంటే ఎండాకాలం షర్బత్‌లో వేసే సబ్జా గింజల మొక్క, మన రుద్రజడ. తులసికి దగ్గరి చుట్టం కాబట్టి నానమ్మా కాదనదు.

ఆడపిల్లకు సారా అనుకుంటే ఒక్క క్షణం ఆగండి. హీబ్రూలో రాకుమారి, గొప్ప పేరే. కానీ తెలుగులో సారా అంటే ఏమిటో వీధి వీధికీ తెలుసు. తెలుగు బైబిల్‌లో ఆమె శారా. అలా రాసుకుంటే గొడవ లేదు.

అన్నట్టు మీ జిల్లా పేరులో ఉన్న మహబూబ్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మాటకు అర్థం ప్రేమపాత్రుడు. హబీబ్, మొహబ్బత్ కూడా ఆ ధాతువు బిడ్డలే. హీబ్రూ దావీదుకూ అదే అర్థం చెబుతారు.

ప్రశ్న: మా పెదనాన్న పేరు స్టాలిన్. అర్థం ఏమిటి? (సూర్యాపేట)

జవాబు: రష్యన్‌లో స్టాల్ అంటే ఉక్కు. సోవియట్ నేత స్టాలిన్ పెట్టుకున్న మారుపేరు అది, ఆయన అసలు ఇంటిపేరు జుగాష్విలి. లెనిన్‌ది కూడా మారుపేరే, అసలు ఉల్యనోవ్. సాయుధ పోరాటం నడిచిన జిల్లాలో ఈ పేర్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ప్రశ్న: పాప పుట్టి ఏడు నెలలైంది. పేరు తేలకపోవడంతో జనన ధ్రువపత్రంలో పేరు లేదు. ఇప్పుడు ఏం చేయాలి? రేపు పాస్‌పోర్టుకు ఇబ్బంది రాకుండా ఎలా రాయించాలి? (వనపర్తి)

జవాబు: కంగారు వద్దు. పుట్టిన 21 రోజుల్లో నమోదు కావలసింది జననం, పేరు కాదు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. నమోదు ఎక్కడ జరిగిందో అక్కడికే, పంచాయతీ అయితే కార్యదర్శి దగ్గరికి, పట్టణమైతే మున్సిపాలిటీకి వెళ్లాలి. మీకింకా ఐదు నెలలుంది గానీ ఆగకండి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే.

ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పిల్ల పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. తర్వాత బ్యాంకు, లైసెన్సు అన్నిటిలో అదే తిరుగుతుంది. ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను దుబాయ్ ఉన్న యూఏఈ 2022 నవంబర్ నుంచి అనుమతించడం లేదు.

స్పెల్లింగులో ఎక్కువగా కొట్టేది ‘త’. మనం స్వాతిలో ‘టీ’ పక్కన ‘హెచ్’ పెడతాం, ఉత్తరాదివాళ్లు దాన్ని ‘థ’ అని చదువుతారు. రెండిట్లో ఏదీ తప్పు కాదు, అక్కకు ఒకలా చెల్లెకు ఇంకోలా రాయించడమే తప్పు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కార్యదర్శి చేతికివ్వండి, నోటితో చెప్పకండి. కంప్యూటర్‌లో ఎక్కించాక, ముద్ర పడకముందు, తెలుగు పేరూ ఇంగ్లిషు పేరూ రెండూ తెర మీద చదువుకోండి.